తుప్పు పట్టిన పాత సేద్యపు యంత్రం: తుక్కుకు వేయాలా, విప్పి అమ్మాలా, బాగు చేయాలా?

చెట్ల మధ్య ఎక్కడైనా పాత ట్రాక్టర్ కనిపిస్తే నేను ముందు చూసేది దాని తుప్పును కాదు, పొగగొట్టాన్ని. నిలువుగా పైకి ఉన్న ఆ గొట్టం మీద ఎవరైనా ఖాళీ డబ్బా బోర్లించి వెళ్లారా అని చూస్తాను. డబ్బా ఉంటే, దాన్ని అక్కడ ఆపిన మనిషి మళ్లీ వచ్చి స్టార్ట్ చేద్దామనుకున్నాడన్నమాట. లేకపోతే ఏళ్ల తరబడి పడిన వాన ఆ గొట్టంలోంచి దిగి, తెరిచి ఉండిపోయిన వాల్వు గుండా సిలిండర్‌లోకి చేరి ఉంటుంది. పైకి ఒకే రంగు తుప్పుతో ఒకేలా కనిపించే రెండు యంత్రాల విలువలో తేడా చాలాసార్లు ఆ డబ్బా దగ్గరే మొదలవుతుంది.

వారసత్వంగా వచ్చిన పాత కొట్టంలో ఇలాంటిది ఉన్నవాళ్లకీ, కొన్న పొలంలో గట్టు పక్కన ఇనుము కనపడినవాళ్లకీ, పాత యంత్రాల మీద ఇష్టంతో ఒకటి కొందామని చూస్తున్నవాళ్లకీ ఈ వ్యాసం పనికొస్తుంది. మీ ముందున్న దారులు ప్రధానంగా ఐదు: తూకానికి తుక్కుగా ఇచ్చేయడం, విప్పి విడిభాగాలుగా అమ్మడం, ఉన్నదున్నట్టు మొత్తంగా అమ్మడం, బాగు చేయడం, ఏమీ చేయకుండా జాగ్రత్తగా ఉంచుకోవడం. వీటిలో కొన్ని పనులు చేశాక మనసు మార్చుకోవచ్చు. కొన్నింటిలో కుదరదు. గ్యాస్ కటర్ పెట్టాక, ఇసుకతో కొట్టించాక, పెయింట్ గీకేశాక ఆ వస్తువు వెనక్కి రాదు. అందుకే వెల కట్టడం పూర్తయ్యేదాకా వెనక్కి రాని పని ఒక్కటి కూడా చేయకండి.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. ఒకసారి చేత్తో తిప్పే గింజలు ఒలిచే యంత్రాన్ని శుభ్రం చేయమని ఇసుక కొట్టే షెడ్డులో ఇచ్చాను. తయారీదారు పేరున్న రేకు పలకను విప్పకుండానే వాళ్లు కొట్టేశారు. తిరిగొచ్చేసరికి యంత్రం మెరుస్తోంది, పలక మీద మాత్రం అక్షరం ముక్క లేదు. అడుగున ఎక్కడో మిగిలిన పాత రంగు జాడ కూడా పోయింది. ఆ తర్వాత అది ఏ కంపెనీది, ఏ కాలానిది అని అడిగినవాళ్లకి చూపించడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

## వెల కట్టే ముందు చూడాల్సినవి

### అది ఎవరిది?

వదిలేసినట్టు ఉన్నంత మాత్రాన యజమాని లేనట్టు కాదు. మీ స్థలంలో కనపడినా వెనకటి యజమానికో, ఆయన వారసులకో దాని మీద హక్కు మిగిలి ఉండొచ్చు. ఈ విషయంలో చట్టం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. కొనేవాళ్లయితే స్థలం యజమాని సంతకంతో ఒక చిన్న రసీదు రాయించుకోండి. యంత్రం పేరు, నంబరు, తేదీ అందులో ఉంటే చాలు. రేపు మీరు అమ్మేటప్పుడు కూడా అదే పనికొస్తుంది.

### అది ఏమిటి?

విలువలో సగం ఇక్కడే తేలిపోతుంది, అందుకే దీనికి తొందరపడకండి. ముందు పలక కోసం వెతకండి. ఇత్తడిదో రేకుదో చిన్న పలక, మట్టి పట్టి, రివెట్ల మధ్య నల్లగా ఉంటుంది. దాన్ని వైరు బ్రష్‌తో రుద్దకండి. తడిగుడ్డతో తుడిచి, పైన పల్చని కాగితం పెట్టి, పెన్సిల్‌ను పక్కకి వాల్చి నెమ్మదిగా రుద్దండి. కంటికి కనపడని అంకెలు కాగితం మీద తేలతాయి. సాయంత్రం టార్చ్ లైటును పక్కనుంచి ఏటవాలుగా వేసినా అరిగిపోయిన అక్షరాలు నీడతో బయటపడతాయి.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. పోత ఇనుము మీద ఉబ్బెత్తుగా, అచ్చులోనే వచ్చిన అంకెలు మామూలుగా ఆ భాగం నంబర్లు. ఒకే మోడల్ యంత్రాలు వేలల్లో ఉంటే ఆ వేలల్లోనూ అదే అంకె ఉంటుంది. ఈ ఒక్క యంత్రానికే చెందిన వరుస నంబరు తర్వాత సుత్తితో గుద్దినదై లోపలికి దిగి ఉంటుంది, లేదా పలక మీద ఉంటుంది. సంవత్సరం తేల్చేది ఆ రెండోదే. పలక పోయి ఉంటే మాత్రం పోత అంకెలతో కనీసం మోడల్ ఏదో కనుక్కోవచ్చు.

పాతదైతే ఖరీదైనదనే నమ్మకాన్ని ఇక్కడే వదిలేయండి. ఫోర్డ్‌సన్ మోడల్ ఎఫ్ ట్రాక్టర్ 1917లో వచ్చింది. వందేళ్లు దాటిన యంత్రమే, కానీ తయారైనవి ఏడు లక్షలకు పైనే. 1946 నుంచి 1956 దాకా తయారైన ఫెర్గుసన్ టీఈ20లు ఐదు లక్షలు దాటాయి. ఇలాంటివి మంచివే, ఇష్టపడేవాళ్లూ ఉన్నారు, కానీ ఒకటి పోతే ఇంకొకటి దొరుకుతుంది. మరోవైపు, అదే పేరున్న యంత్రంలోనే చిన్న తేడా ధరను మార్చేస్తుంది. జాన్ డీర్ మోడల్ డి 1923 నుంచి 1953 దాకా ముప్పై ఏళ్లు నడిచింది. వాటిలో తొలి ఒకట్రెండేళ్ల వాటికి ఫ్లైవీల్ (ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) బండి చక్రంలా ఆకులతో ఉండేది, తర్వాత నిండు పళ్లెంలా మారింది. సేకరించేవాళ్లు వెతుక్కుంటూ వచ్చేది ఆ ఆకుల చక్రం కోసం. తుప్పులో కూరుకున్న ముద్దను దూరం నుంచి చూసి "పాత డీర్" అని తూకానికి ఇచ్చేస్తే పోయేది అదే.

రంగు కూడా సాక్ష్యమే. ఫార్మాల్ ట్రాక్టర్లకు ఎరుపు 1936లో వచ్చింది, అంతకు ముందువి బూడిద రంగువి. 1920ల నాటి ఫార్మాల్ ఎర్రగా ఉంటే మధ్యలో ఎవరో వేశారనే అర్థం. అది తప్పు కాదు, కానీ "ఒరిజినల్ పెయింట్" అని ఎవరైనా ఎక్కువ అడిగితే ఒప్పుకోనక్కర్లేదు.

చక్రాలు చూడండి. గాలి టైర్లతో ట్రాక్టర్లు అమ్మడం 1930ల మొదట్లో అల్లిస్-చామర్స్ కంపెనీతో మొదలైంది. ఆ తర్వాత ఎంతోమంది రైతులు తమ పాత ఇనుప చక్రాల అంచులు కోయించి, రిమ్ములు వెల్డింగ్ చేయించి టైర్లు వేసుకున్నారు. ఆ రోజుకి తెలివైన పనే. కానీ దానివల్ల కోయని, పళ్లతో నిండుగా ఉన్న ఇనుప చక్రాలు ఇప్పుడు అరుదయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, ముఖ్యంగా 1942లో అమెరికాలో, పాత ఇనుమంతా పోగుచేసి కరిగించారు. పొలాల్లో పడి ఉన్న బరువైన యంత్రాలే ముందు పోయాయి. కొన్ని మోడళ్లు ఇంత తక్కువగా మిగలడానికి అదొక కారణం.

### ఏం మిగిలింది, ఏం పోయింది?

పెద్ద ఇనుము సాధారణంగా ఎక్కడికీ పోదు. పోయేవి చేతికి అందేవి: మాగ్నెటో (స్పార్క్ ప్లగ్‌కి కరెంటు పుట్టించే భాగం), కార్బొరేటర్, ఇత్తడి నూనె గిన్నెలు, పలకలు, గేజీలు, రేడియేటర్ మూత. రెండు ఫ్లైవీళ్లున్న పాత స్టేషనరీ ఇంజన్లలో (ఒకచోట నిలిపి వేరే యంత్రాలను తిప్పడానికి వాడేవి) మాగ్నెటో, నూనె గిన్నె ఉన్న దానికీ లేనిదానికీ ధరలో చాలా దూరం ఉంటుంది. ఆ ముక్కలు విడిగా వెతికి కొనడం మొదలుపెడితే ఖర్చు ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. పాల నుంచి మీగడ తీసే సెపరేటర్లలోనూ ఇంతే. పైన గిన్నె, హ్యాండిల్ నిగనిగలాడుతున్నా లోపల వరసగా పేర్చి ఉండాల్సిన శంకు ఆకారపు రేకులు లేకపోతే అది అలంకరణ వస్తువు మాత్రమే.

చుట్టుపక్కల నేల కూడా వెతకండి. ఊడిపడిన ముక్కలు గడ్డిలో, మట్టిలో అడుగు లోతులో దొరుకుతుంటాయి. ఆ కొట్టంలోని డబ్బాలు, అరలు సరేసరి.

### తుప్పు ఎక్కడ ఏం చేసింది?

తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే కంటికి భయంకరంగా కనపడుతుంది. పెచ్చులు పెచ్చులుగా లేచిన దళసరి పొర కింద పోయిన లోహం చాలాసార్లు కొద్దిగానే ఉంటుంది. కాబట్టి ఎంత తుప్పు ఉందని కాక, ఏ భాగానికి పట్టిందని అడగాలి.

గేరుబాక్సు, యాక్సిల్ హౌసింగ్ లాంటి దళసరి పోతలకు పైపొర తుప్పు పెద్ద లెక్క కాదు. పల్చని రేకు భాగాలకు అదే ప్రాణాంతకం: బానెట్, మడ్‌గార్డులు, పెట్రోలు ట్యాంకు, విత్తనాల పెట్టె. విత్తే యంత్రాల్లో ఎరువు పెట్టె అడుగు ముందుగా పోతుంది, ఎరువులోని లవణాలు తేమను పీల్చి పెట్టుకుంటాయి కాబట్టి. ట్రాక్టర్ వెనక టైర్లలో బరువు కోసం కాల్షియం క్లోరైడ్ నీళ్లు నింపే అలవాటు ఉండేది. ట్యూబు కారితే ఆ నీళ్లు రిమ్మును లోపల్నుంచి తినేస్తాయి. వాల్వు రంధ్రం చుట్టూ వేలితో గట్టిగా నొక్కి చూడండి. మట్టిలో పాతుకుపోయిన పోత ఇనుము అయితే ఇంకో చిక్కుంది: ఆకారం చెక్కుచెదరదు, కానీ ఇనుము కరిగిపోయి గ్రాఫైట్ మాత్రమే మిగులుతుంది. కత్తి మొన దిగిందంటే అది బరువు మోయదు.

తుప్పు కంటే ఎక్కువ భయపడాల్సింది పగులుకి. నీళ్లు గడ్డకడితే పరిమాణం తొమ్మిది శాతం దాకా పెరుగుతుంది. చలి దేశాల్లో నీళ్లు తీయకుండా వదిలేసిన ఇంజన్ బ్లాకు బయటి గోడ అలా చీలిపోతుంది. దీనికి సులువైన పరీక్ష ఉంది. అనుమానమున్న చోట శుభ్రం చేసి కిరోసిన్ రాయండి. పది నిమిషాలాగి పొడిగా తుడిచి, పైన సుద్దపొడి అద్దండి. పగులుంటే లోపల దాగిన కిరోసిన్ పైకి వచ్చి సుద్దలో తడి గీతలా కనపడుతుంది. ఫ్లైవీల్ ఆకులకు, చక్రాలకు చిన్న సుత్తి చాలు. బాగున్న పోత గంటలా మోగుతుంది, పగిలింది కుండపెంకులా టక్కుమంటుంది.

ఇక గేరుబాక్సు. అడుగున డ్రెయిన్ బోల్టును పూర్తిగా తీయకుండా కాస్త వదులు చేసి కింద గిన్నె పెట్టండి. నీళ్లు నూనె కంటే బరువు కాబట్టి ముందు నీళ్లొస్తాయి, తర్వాత నూనె. ఓ గ్లాసు నీళ్లు వస్తే కంగారుపడక్కర్లేదు, చాలా వాటిలో ఉంటాయి. బకెట్ నిండినా నూనె రాకపోతే లోపలి బేరింగులన్నీ పోయినట్టే లెక్క వేసుకోండి.

ఇంజన్ పట్టేసిందా లేదా అన్నది చేతి క్రాంకుతోనో, ఫ్లైవీల్‌తోనో మెల్లగా చూడాలి. గేర్‌లో వేసి ఇంకో బండితో లాగితే తిరుగుతుందని సలహా ఇచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వినకండి. పట్టేసిన పిస్టన్‌ను అలా లాగితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, గేరు పళ్లు విరుగుతాయి. బాగుపడే ఇంజన్ ఆ ఒక్క నిమిషంలో తుక్కయిపోతుంది.

### బయటికి ఎలా తీస్తారు?

కొనేవాళ్లు మర్చిపోయే ఖర్చు ఇదే. టన్ను బరువు, తిరగని చక్రాలు, మధ్యలో మొలిచిన చెట్టు, లారీ రాని దారి. ఫెర్గుసన్ టీఈ20 లాంటి చిన్న ట్రాక్టరే సుమారు 1,100 కిలోలు. లారీ, క్రేన్, మనుషుల కూలి లెక్క వేశాకే బేరం మొదలుపెట్టండి.

## వెల కట్టే లెక్క

నేను ప్రతిసారీ మూడు అంకెలు వేస్తాను.

కింది అంకె తూకం విలువ. బరువు తెలియకపోతే కొలిచి లెక్కించవచ్చు. ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.85 గ్రాములు, అంటే మీటరు పొడవు, మీటరు వెడల్పు, పది మిల్లీమీటర్ల దళసరి పలక 78.5 కిలోలు తూగుతుంది. దాని నుంచి రవాణా తీసేయండి. ఏ పరిస్థితిలోనూ ఇంతకంటే తక్కువకి అమ్మకూడదు.

మధ్య అంకె, విడిభాగాల మొత్తం. నిజంగా అమ్ముడయ్యేవాటినే లెక్కలోకి తీసుకోండి.

పై అంకె, అదే మోడల్ నడుస్తున్న స్థితిలో అమ్ముడైన ధర. అందులోంచి మరమ్మతు, పోయిన భాగాలు, రవాణా తీసేయాలి. "అమ్ముడైన" అన్న మాట ముఖ్యం. ఆన్‌లైన్‌లో అడిగే ధరలు ఎవరైనా ఎంతైనా పెట్టొచ్చు. వేలాల్లో సుత్తి పడిన ధరలు, పూర్తయిన అమ్మకాలు మాత్రమే చూడండి. సామాన్యమైన మోడళ్లకు ఈ పై అంకె చాలాసార్లు సున్నా కంటే కిందకి పోతుంది. అది తెలుసుకోవడమూ లాభమే.

| దారి | డబ్బు ఎప్పుడు | మీ శ్రమ | ఎప్పుడు సరైనది | వెనక్కి తీసుకోగలమా |
|---|---|---|---|---|
| తూకానికి | వెంటనే | తక్కువ | సామాన్య మోడల్, పగిలిన పోతలు, పోయిన భాగాలు | లేదు |
| విడిభాగాలుగా | నెలలు, ఏళ్లు | చాలా ఎక్కువ | సామాన్య మోడల్, ఇంజన్ పోయి మిగతావి బాగున్నప్పుడు | లేదు |
| ఉన్నదున్నట్టు | వారాలు, నెలలు | కొద్దిగా | అరుదైనది, లేదా నిండుగా ఉన్నది | అమ్మేదాకా అవును |
| బాగు చేసి | ఏడాది పైనే | అన్నిటికంటే ఎక్కువ | మీకు పని వచ్చి, అదంటే ఇష్టమున్నప్పుడు | కొంతవరకే |
| ఉంచుకోవడం | రాదు | కొద్దిగా | తేల్చుకోలేనప్పుడు, ఇంటి గుర్తుగా | అవును |

## తూకానికి ఇవ్వడం

దీన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. బ్లాకు చీలి, రేకు భాగాలు జల్లెడై, సామాన్యమైన మోడల్ అయితే తుక్కే సరైన దారి. కానీ మొత్తం ఒకే రేటుకి ఇవ్వకండి. అయస్కాంతం ఒకటి తీసుకుని చుట్టూ తిరగండి. అంటుకోనివి ఇత్తడి, రాగి, కంచు, అల్యూమినియం. పాత రేడియేటర్లు ఎక్కువగా రాగి, ఇత్తడితో చేసినవే. వాటిని విడిగా తీసి విడిగా తూయించండి. పోత ఇనుము, రేకు, దళసరి ఉక్కు కూడా వేరు వేరు రేట్లు పలుకుతాయి. టైర్లు, నూనెలు ఉంటే వ్యాపారి ధర తగ్గిస్తాడు, లేదా అసలు తీసుకోడు.

ఒక్క విషయంలో గట్టిగా ఉండండి. ఖాళీగా ఉందనుకున్న పాత ఇంధన ట్యాంకుకి గ్యాస్ కటర్ తగలనివ్వకండి. లోపల మిగిలిన ఆవిరి పేలుతుంది. పురుగుమందు కొట్టే పాత యంత్రాల ట్యాంకుల్లో విషం మిగిలి ఉండొచ్చు, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకండి.

## విప్పి అమ్మడం

కాగితం మీద ఎప్పుడూ ఇదే ఎక్కువ లాభంగా కనపడుతుంది. నిజానికి మొదటి నెలలో మాగ్నెటో, కార్బొరేటర్, పలకలు, మంచి చక్రాలు అమ్ముడుపోతాయి. తర్వాత ఎవరూ అడగని అర టన్ను పోత మీ పెరట్లో మిగులుతుంది. దాన్ని తూకానికి వేసి తరలించే ఖర్చు కూడా మొదటి రోజే లెక్కలో ఉండాలి.

లక్షల్లో తయారైన మోడళ్లకు భాగాలు నిలకడగా అమ్ముడవుతాయి, ఎందుకంటే వాటిని నడుపుతున్నవాళ్లు ఇంకా ఉన్నారు. అరుదైన వాటి భాగాలకు కొనేవాళ్లు కొద్దిమందే, కానీ ఆ ఒక్కరు అదే ముక్క కోసం ఏళ్లుగా చూస్తుంటారు. ఈ దారి ఎంచుకుంటే విప్పకముందు నాలుగు వైపులా ఫోటోలు తీయండి. ప్రతి బోల్టునూ దాని భాగంతోపాటే సంచిలో వేసి పేరు రాయండి. అరుదైన యంత్రం నిండుగా ఉంటే మాత్రం దయచేసి విప్పకండి. డబ్బు లెక్క అటుంచి, అలాంటివి ఇంక తయారు కావు.

## ఉన్నదున్నట్టు అమ్మడం

చాలామందికి నేను చెప్పేది ఇదే. యంత్రం గురించి బాగా తెలిసినవాళ్లు తుప్పుకి భయపడరు, దాచిపెట్టిన దానికే భయపడతారు. అమ్మకానికి ముందు పైపైన ఒక కోటు పెయింట్ కొట్టడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. దానివల్ల పాత రంగు పోతుంది, పగుళ్లు దాస్తున్నారన్న అనుమానమూ వస్తుంది.

చేయాల్సింది కొద్దే. చుట్టూ కలుపు కొట్టండి, వదులు మట్టి దులపండి. పలక, వరుస నంబరు, పగుళ్లు, పోయిన భాగాల చోటు, చక్రాలు స్పష్టంగా ఫోటో తీయండి. ఇంజన్ తిరుగుతుంటే చేత్తో తిప్పుతున్న చిన్న వీడియో పది మాటల పెట్టు. పాత బిల్లు, మాన్యువల్, పొలంలో నడుస్తున్నప్పటి నలుపు తెలుపు ఫోటో ఉంటే యంత్రంతోపాటే ఇవ్వండి. మ్యూజియంకి ఇద్దామనుకున్నా వాళ్లు ముందడిగేది ఇవే, ఎందుకంటే సామాన్యమైన యంత్రాలు వాళ్ల దగ్గర ఇప్పటికే ఉంటాయి.

## బాగు చేయడం

ఇందులో రెండు పనులున్నాయి, కలిపేయకండి. ఒకటి, నడిచేలా చేయడం. రెండోది, షోరూమ్ నుంచి వచ్చినట్టు చేయడం. మొదటిదానికి ఓపిక ఎక్కువ కావాలి, డబ్బు తక్కువ. రెండోదానికి రెండూ కావాలి. టైర్లు, రేకు పని, మాగ్నెటో, పెయింట్ కలిపితే సామాన్యమైన మోడల్‌కి పెట్టిన ఖర్చు అమ్మకంలో తిరిగి రాదు. లాభం కోసం ఈ దారిలోకి రావద్దు. ఇష్టం కోసమైతే ఇంతకంటే మంచి దారి లేదు.

నా దగ్గరున్న ఒక స్టేషనరీ ఇంజన్ పూర్తిగా పట్టేసి వచ్చింది. స్పార్క్ ప్లగ్ తీసి, ఆటోమేటిక్ గేరుబాక్సుల్లో వాడే ఏటీఎఫ్ నూనె, అసిటోన్ సమంగా కలిపి లోపల పోశాను. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి బయట, నిప్పుకి దూరంగా. రోజూ సాయంత్రం వెళ్లి ఫ్లైవీల్‌ను రెండు చేతులతో ముందుకీ వెనక్కీ ఒత్తేవాణ్ని, సుత్తి మాత్రం పట్టలేదు. పదిహేడో రోజు ఒక వైపు వేలెడు జరిగింది. చప్పుడేమీ రాలేదు. అంచు మీద సుద్దతో గీసిన గీత పక్కకి వచ్చింది, అంతే. ఆ గీతను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

చిన్న భాగాల తుప్పు తీయడానికి విద్యుత్తు పద్ధతి బాగా పనిచేస్తుంది. ప్లాస్టిక్ తొట్టెలో వాషింగ్ సోడా కలిపిన నీళ్లు, పన్నెండు వోల్టుల బ్యాటరీ చార్జర్, పక్కన పనికిరాని ఇనుప ముక్క. శుభ్రం చేయాల్సిన భాగం నెగటివ్‌కి, పనికిరాని ముక్క పాజిటివ్‌కి. తారుమారు చేస్తే మీ భాగమే కరిగిపోతుంది. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టకండి, విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి గాలి ఆడే చోట, మంట లేని చోట చేయండి.

పాత పెయింట్‌లో సీసం ఉంటుందనే అనుకోండి. పొడిగా గీకడం, రుద్దడం వద్దు. క్లచ్, బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, ఆ ధూళిని గాలి పంపుతో ఊదకండి. పాత రంగు సగమైనా మిగిలి ఉంటే కొత్త పెయింట్ ఆలోచన మానుకుని, శుభ్రం చేసి నూనె పట్టించి వదిలేయడమే నా సలహా. కొత్త రంగు ఎన్నిసార్లైనా వేయొచ్చు, ఆ మొదటి రంగు పోతే పోయినట్టే.

## ఎవరికి ఏది?

వారసత్వంగా వచ్చి, స్థలం ఖాళీ చేయాల్సినవాళ్లు ముందు నంబర్లు, ఫోటోలు తీసి ఒకట్రెండు వారాలు ఆగండి. తొందరలో ఉన్నారని తెలియగానే వచ్చే మొదటి బేరగాడు ఎప్పుడూ తూకం రేటే చెబుతాడు. అరుదైనది కాదని తేలాక ఆ రేటుకే ఇచ్చినా మనసుకి వెలితి ఉండదు.

మొదటిసారి బాగు చేద్దామనుకునేవాళ్లు అరుదైనది కొనకండి. భాగాలు తేలిగ్గా దొరికే సామాన్యమైన మోడల్, అందులోనూ నిండుగా ఉండి కొంచెం ఎక్కువ ధర చెప్పినది తీసుకోండి. చవగ్గా వచ్చిన సగం యంత్రం చివరికి ఎక్కువ తింటుంది.

అలంకరణ కోసం కొనేవాళ్లకు ఇంజన్ పట్టేసినా, బ్లాకు చీలినా నష్టం లేదు, కాబట్టి వాటికి డబ్బు పెట్టకండి. పోత ఇనుప సీట్లు, పేర్ల పలకలు కొనేటప్పుడు నకిలీల విషయంలో జాగ్రత్త. ఏళ్లు వాడిన సీటు మనిషి కూర్చున్న చోట నున్నగా అరిగి ఉంటుంది. నకిలీది అంతటా ఒకే గరుకు, అంతటా ఒకే పచ్చి నారింజ తుప్పు. అంచుల్లో గ్రైండర్ గీతలు కూడా కనపడతాయి.

ఇంకా తేల్చుకోలేకపోతే ఉంచేయండి, కానీ ఊరికే కాదు. గేరుబాక్సులో నీళ్లు తీసేయండి. చక్రాల కింద చెక్కలో రాళ్లో పెట్టి మట్టికి దూరం చేయండి. పైన రేకు కప్పు వేయండి. ప్లాస్టిక్ పట్టాతో బిగించి చుట్టకండి, లోపల చెమ్మ పట్టి ఇంకా పాడవుతుంది. స్పార్క్ ప్లగ్ తీసి సిలిండర్‌లో నూనె పోసి మళ్లీ బిగించండి. పొగగొట్టం మీద డబ్బా బోర్లించండి. చివరగా ఒక రేకు ముక్క మీద పెయింట్‌తో తేదీ వేసి, "సిలిండర్‌లో నూనె ఉంది, ప్లగ్ తీయకుండా తిప్పొద్దు" అని రాసి స్టీరింగ్‌కి తీగతో కట్టండి. నూనె నిండిన సిలిండర్‌ను బలంగా తిప్పితే రాడ్ వంగిపోతుంది, పైగా మళ్లీ వచ్చి తిప్పి చూసేది మీరే కానక్కర్లేదు.